తత్త్వవేత్త స్పినోజా

1677వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ ఆదివారమునాడు, హాలండు దేశమున హేగు నగరములో, ఒక చిత్రకారుని ఇంట అద్దెకుండిన నలువదినాలుగేండ్ల బ్రహ్మచారి ఊపిరితిత్తుల వ్యాధితో కన్నుమూసెను. ఆయన విడిచిపోయిన ఆస్తికి అధికారులు పట్టిక వ్రాసిరి. ఒక మంచము, కొన్ని దుస్తులు, గాజునకు సానపట్టు పనిముట్లు, ఇంచుమించు నూటయరువది పుస్తకములు అందు ముఖ్యములైనవి. వెలకట్టుటకు వీలుకాని సొత్తు వేరొకటి కలదు. అది ఆయన వ్రాతబల్లలో భద్రముగా నుండిన వ్రాతప్రతులు. బ్రతికియుండగా అచ్చువేయుటకు వీలుపడని ఆ వ్రాతలే పాశ్చాత్య తత్త్వచరిత్రలో ఆయనకు శాశ్వతస్థానము సంపాదించినవి. ఆ బ్రహ్మచారియే స్పినోజా.

జననము, బాల్యము

స్పినోజా పూర్వులు పోర్చుగల్ దేశపు యూదులు. 1497లో ఆ దేశపు రాజు యూదులను బలవంతముగా క్రైస్తవమతములో కలిపెను. పైకి క్రైస్తవులై, ఇంటిలోపల రహస్యముగా పూర్వాచారములను కాపాడుకొనుచు వచ్చిన కుటుంబములను మతవిచారణ న్యాయస్థానములు తరతరములుగా వేటాడినవి. చెరసాల, ఆస్తి జప్తు, సజీవదహనము ఆ న్యాయస్థానములు విధించిన శిక్షలు. ప్రాణములు అరచేత పట్టుకొని పారిపోయినవారిలో అనేకులు హాలండు చేరిరి. స్పెయిన్ దేశముతో పోరాడి స్వాతంత్ర్యము సంపాదించుకొనుచుండిన ఆ చిన్న దేశమున నాడు యూరపు ఖండములో మరెచ్చటను లేని మతసహనము ఉండెను. ఆమ్‌స్టర్‌డామ్ రేవు వర్తకముతో కళకళలాడుచుండెను. శరణార్థులైన యూదులు అచట వ్యాపారము సాగించి, ప్రార్థనాలయమును, పాఠశాలను, గ్రంథాలయమును నెలకొల్పుకొనిరి.

అట్టి శరణార్థుల కుటుంబమున 1632వ సంవత్సరము నవంబరు 24వ తేదీన స్పినోజా జన్మించెను. తండ్రి మికేల్ పేరుగల వర్తకుడు, సమాజమున పెద్దమనిషి. బిడ్డకు హీబ్రూ భాషలో బారూక్ అని పేరు పెట్టిరి. ఇంటిలో పోర్చుగీసు భాషలో బెంతో అని పిలిచెడివారు. రెంటికిని ఆశీర్వదింపబడినవాడు అనియే అర్థము. ఆరేండ్లు నిండకమునుపే తల్లి మరణించెను. బాలుడు సమాజమువారి పాఠశాలలో హీబ్రూ భాషను, వేదగ్రంథమును, వ్యాఖ్యానములను అభ్యసించెను. ఐనను పైతరగతుల చదువు సాగింపక తండ్రి వ్యాపారమున చేరెను.

ఆ బాల్యముననే ఆ సమాజమున ఒక ఘోరము జరిగెను. ఊరియెల్ ద కోస్తా అను నతడు మతపెద్దల సిద్ధాంతములను ప్రశ్నించి బహిష్కృతుడై, ఒంటరితనము భరింపలేక క్షమాపణ కోరెను. ప్రార్థనాలయమున అందరియెదుట కొరడాదెబ్బలు తిని, గుమ్మమున పరుండి, సభ్యులందరును తన్ను దాటిపోవుచుండగా అవమానమును సహించెను. పిమ్మట 1640లో ఆత్మహత్య చేసికొనెను. అప్పటికి స్పినోజా ఏడెనిమిదేండ్ల పిల్లవాడు. ప్రశ్నించువానికి ఏమి సంభవించునో ఆ సమాజమున పెరిగిన ప్రతి బాలునకును తెలియును.

1654లో తండ్రి మరణించెను. స్పినోజా తమ్ముడు గాబ్రియేల్‌తో కలిసి వ్యాపారమును నడపెను. ఆంగ్లేయులతో జరిగిన నౌకాయుద్ధముల వలన వర్తకము దెబ్బతిన్నది, అప్పులు మిగిలినవి. ఆయన మనస్సు అప్పటికే లెక్కలపుస్తకములను వీడి మరియొక వైపునకు మరలెను. ఫ్రాన్సిస్కస్ వాన్ డెన్ ఎండెన్ అను పండితుని పాఠశాలలో లాటిన్ భాష నేర్చెను. ఆనాడు యూరపు పండితులందరి వ్యవహారభాష లాటిన్. అది చేతికి రాగానే గణితము, భౌతికశాస్త్రము, డెకార్ట్ తత్త్వము మొదలైనవన్నియు ఆయనకు అందుబాటులోనికి వచ్చినవి.

బహిష్కారము

కొత్త చదువు కొత్త ప్రశ్నలను రేకెత్తించెను. వేదగ్రంథమును వ్రాసినది ఎవరు? దైవము మానవునివలె కోపించి, సంతోషించి, వరములిచ్చునా? శరీరము నశించిన పిదప ఆత్మ మిగులునా? ఇట్టి ప్రశ్నలను యువకుడు మిత్రులతో చర్చించుచున్నాడని మతపెద్దలకు తెలిసెను. వారు బుద్ధి చెప్పి చూచిరి. ఊరకుండినచో భరణమిత్తుమని ఆశపెట్టిరనియు, ఆయన అంగీకరింపలేదనియు పూర్వచరిత్రకారులు వ్రాసియున్నారు.

1656వ సంవత్సరము జూలై 27వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ ప్రార్థనాలయమున బహిష్కారపత్రము చదువబడెను. పగటివేళ, రాత్రివేళ, పరుండునపుడు, లేచునపుడు శాపములు తగులవలెనని ఆ పత్రమున కలదు. ఎవరును అతనితో మాటాడరాదు, ఉత్తరము వ్రాయరాదు, ఉపకారము చేయరాదు, ఒకే కప్పు క్రింద నిలువరాదు, నాలుగు మూరల దూరములోనికి పోరాదు, అతడు వ్రాసిన దేదియు చదువరాదు అని విధించిరి. ఏ సిద్ధాంతముల వలన ఈ శిక్ష కలిగెనో అందు వివరింపలేదు. ఆయనకు అప్పటికి ఇరువదిమూడేండ్లు. ఒక్క గ్రంథమైనను ప్రకటింపలేదు. వ్రాయకమునుపే చదువరాదని నిషేధము పొందిన రచయితలు లోకమున అరుదు.

ఈ పెద్దలను కేవలము క్రూరులని తలచుట న్యాయము కాదు. హాలండు ప్రభుత్వము దయతలచి చోటిచ్చినది. దైవదూషణమును సహించు సమాజమని పేరువచ్చినచో ఆ చోటు పోవునేమో యను భయము వారిని వెన్నాడుచుండెను. మతవిచారణల నుండి పారిపోయి వచ్చినవారే తమలో ఒకనిని వెలివేయుటకు ఆ భయమే ప్రేరేపించెను. ఐనను ఆ వెలి వలన కలిగిన నష్టము చిన్నది కాదు. ఇల్లు, తమ్ముడు, వ్యాపారము, పుట్టిపెరిగిన వీధి, చిన్ననాటి భాష అన్నియు ఒక్కనాడే దూరమైనవి. ఊరియెల్ ద కోస్తా వలె స్పినోజా తిరిగి పోయి తలవంచలేదు. పగబూని శత్రుమతమునను చేరలేదు. వేరొక మతము పుచ్చుకొనకయే జీవించుట ఆ యుగమున దాదాపు వినని సంగతి. పేరును మాత్రము లాటిన్ భాషలోనికి మార్చి బెనెడిక్టస్ అని వ్రాసికొనెను. శపింపబడినవాడు ఆశీర్వదింపబడినవాడను పేరును విడువలేదు.

గాజు సాన, గ్రామవాసము

జీవనమునకు స్పినోజా కటకములకు సానపట్టు వృత్తి నవలంబించెను. దూరదర్శినులు, సూక్ష్మదర్శినులు అపుడపుడే వ్యాప్తిలోనికి వచ్చుచున్న కాలమది. గాజుముక్కను గంటలకొలది అరగదీసి, నునుపుచేసి, వెలుతురు ఒకచోట చేరునట్లు చేయుటకు గణితజ్ఞానమును, చేతి ఓర్పును కావలెను. ఆయన చేసిన కటకముల మెరుగును క్రిస్టియాన్ హైగెన్స్ వంటి శాస్త్రజ్ఞుడే మెచ్చుకొనెను. శనిగ్రహపు వలయము యొక్క స్వరూపమును మొదట నిర్ణయించినవాడు ఈ హైగెన్స్. గాజుధూళి పీల్చుటచేతనే ఆయన ఊపిరితిత్తులు చెడి ఆయువు క్షీణించినదని పలువురు తలతురు.

1661లో స్పినోజా నగరమును వీడి లైడెన్ సమీపమున రైన్స్‌బర్గ్ అను పల్లెకు చేరెను. అచట ఒక చిన్న ఇంట గది తీసికొని పగలు గాజుపని, రాత్రి గ్రంథరచన సాగించెను. లండను రాయల్ సొసైటీకి త్వరలో కార్యదర్శి కానున్న ఓల్డెన్‌బర్గ్ ఆ యేడే ఆ పల్లెటూరికి వచ్చి ఆయనను దర్శించెను. నాటినుండి ఇరువురి నడుమ సంవత్సరముల తరబడి ఉత్తరములు నడచినవి. డెకార్ట్ సిద్ధాంతములను వివరించుచు వ్రాసిన గ్రంథము 1663లో వెలువడెను. ఆయన పేరుతో ఆయన జీవితకాలమున అచ్చైన పుస్తకము అదియొక్కటియే. ఆ యేడే ఆయన వోర్‌బర్గ్ అను మరియొక పల్లెకును, 1670 ప్రాంతమున హేగు నగరమునకును నివాసము మార్చెను.

ఆయన జీవితము మిక్కిలి నిరాడంబరమైనది. ఒకనాటి ఆహారము వెన్నవేసిన పాలగంజి, మరియొకనాడు ఎండుద్రాక్ష కలిపిన జావ. మూడుమాసముల కొకసారి లెక్క చూచుకొని ఆదాయమునకు మించకుండ వ్యయము చేసెడివాడు. సైమన్ డి వ్రీస్ అను ధనికమిత్రుడు రెండువేల ఫ్లోరినులు ఇవ్వబోగా తీసికొనలేదు. ఆ మిత్రుడు మరణించుచు ఏటేట అయిదువందలు ఏర్పాటు చేయగా, అంత యక్కరలేదని మూడువందలకు తగ్గించుకొనెనని చెప్పుదురు. ఇంటి యజమానురాలు లూథరు మతస్థురాలు. తన మతమువలన తనకు మోక్షము కలుగునా యని ఆమె ఒకనాడు అడిగెను. అంతటి తార్కికుడు ఆ సాధ్వి విశ్వాసమును కదల్పలేదు. ఆమె మతము మంచిదే యనియు, శాంతముగా ధర్మముగా జీవించినచో వేరొకటి వెదకనక్కరలేదనియు చెప్పి పంపెను.

భావస్వాతంత్ర్యమునకై

ఆ కాలమున హాలండులోను సహనము తగ్గుచుండెను. స్పినోజా మిత్రుడైన ఆద్రియాన్ కూర్‌బాక్ సామాన్యులకు తెలియు డచ్చి భాషలో మతవిమర్శ వ్రాసినందులకు 1668లో పదేండ్ల శిక్ష పొంది, మరుసటి యేడే చెరలో మరణించెను. ఇట్టి వాతావరణమున 1670లో ఒక లాటిన్ గ్రంథము బయలుదేరెను. దానిపై రచయిత పేరు లేదు. అచ్చైనది ఆమ్‌స్టర్‌డామ్‌లో, ముఖపత్రమున నున్నది హాంబర్గ్ నగరము పేరు. మతమును, రాజ్యమును గూర్చిన ఆ గ్రంథమును వ్రాసినది స్పినోజా యని అనతికాలముననే అందరికి తెలిసిపోయెను.

వేదగ్రంథమును ఇతర ప్రాచీనగ్రంథముల వలెనే భాషను, కాలమును, రచనాపరిస్థితులను పరిశీలించి చదువవలెనని ఆయన వాదించెను. మోషే వ్రాసినవని చెప్పబడు అయిదు గ్రంథములలో మోషే మరణానంతర విషయములుండుటను చూపి, అవి ఆయన వ్రాసినవి కాజాలవనెను. మతము నేర్పవలసిన సారము న్యాయము, పరోపకారము అను రెండే యని నిరూపించెను. చివరి అధ్యాయమున రాజనీతిని చర్చించెను. మనుజుని చేతులను చట్టము కట్టివేయగలదు గాని ఆలోచనను కట్టివేయలేదు. ఆలోచించు స్వేచ్ఛ నిచ్చుటవలన రాజ్యశాంతి చెడదు, దానిని అపహరించినచోనే కపటము, తిరుగుబాటు పుట్టును. ఇది ఆ గ్రంథపు సారాంశము. 1674లో హాలండు న్యాయస్థానము దీనిని నిషేధించెను. డచ్చి అనువాదము సిద్ధమగుచున్నదని విని, అది వెలువడినచో నిషేధము తప్పదని భావించి, దానిని ఆపింపుమని స్పినోజాయే మిత్రుని కోరియుండెను. కూర్‌బాక్ గతి ఆయన మరువలేదు.

1672లో ఫ్రెంచి సైన్యములు హాలండుపై పడినవి. ఓటమికి కారకుడని జనులు నాయకుడగు యాన్ డి విట్‌ను నిందించిరి. ఆగస్టు 20వ తేదీన హేగు నగరపు నడివీధిలో ఆయనను, ఆయన సోదరుని గుంపు చంపి శవములను చిన్నాభిన్నము చేసెను. వారు మతసహనమును కాపాడిన ప్రజాప్రభుత్వ పక్షీయులు. కోపమును జయింపవలెనని జీవితమంతయు బోధించిన స్పినోజా ఆ రాత్రి కోపము నాపుకొనలేకపోయెను. ఆ హంతకులను అనాగరికులలో కడపటివారని నిందించు ప్రకటనను వ్రాసి హత్యాస్థలమున అంటింప బయలుదేరెను. ప్రాణము దక్కదని యెరిగిన ఇంటి యజమాని తలుపునకు తాళమువేసి ఆయనను ఆపెను. ఈ సంగతిని పిమ్మట ఆయనయే జర్మను తత్త్వవేత్త లైబ్నిట్జ్‌నకు చెప్పెను.

మరుసటి యేడు హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్ర ఆచార్యపదవిని ఆ రాజ్యాధిపతి కార్ల్ లుడ్విగ్ ఆయనకు ఇవ్వజూపెను. తత్త్వవిచారమున పూర్ణస్వేచ్ఛ యుండునని లేఖలో కలదు. ఐతే స్థిరపడిన మతమునకు భంగము కలిగింపడని ప్రభువు నమ్ముచున్నాడను మాటయు కలదు. స్పినోజా కొన్నివారములు ఆలోచించి వినయముతో నిరాకరించెను. బోధనలో పడినచో పరిశోధన కుంటుపడుననియు, ఆ స్వేచ్ఛకు హద్దు ఎచట గీయబడునో తనకు తెలియదనియు జవాబు వ్రాసెను. బహిష్కృతునకు రాజగౌరవము, జీతము, పదవి వెదకుకొనుచు వచ్చినవి. గాజు అరగదీయువాడు వాటిని వలదనెను.

స్పినోజా తత్త్వము

ఆయన మహాగ్రంథము పేరు నీతిశాస్త్రము. అది రేఖాగణిత పద్ధతిలో రచింపబడినది. మొదట నిర్వచనములు, తరువాత స్వయంసిద్ధములు, వాటినుండి ఒకటొకటిగా సిద్ధాంతములు, వాటికి ఉపపత్తులు. ఇందు అయిదు భాగములు కలవు: దైవము, మనస్సు, ఉద్వేగములు, మానవుని దాస్యము, మానవుని స్వాతంత్ర్యము.

ఉన్న పదార్థము ఒక్కటియే యని మొదటి భాగమున స్థాపించెను. అది అనంతము, స్వయంభువు. దానినే దైవమనియు, ప్రకృతియనియు పిలిచెను. చెట్టు, రాయి, మనుష్యుడు, భావము దాని రూపభేదములు. త్రిభుజపు కోణముల మొత్తము రెండు సమకోణములగుట త్రిభుజ స్వభావమునుండి ఎట్లు తప్పక ఏర్పడునో, సర్వమును దైవస్వభావమునుండి అట్లే తప్పక ఏర్పడును. ఆ దైవము సింహాసనమున కూర్చుండి స్తుతులు వినునది కాదు, మానవుని కొరకు నియమములను మార్చునది కాదు. ఈ భాగమును చదివిన భారతీయునకు అద్వైతము స్మృతికి వచ్చుట సహజము. కాని స్పినోజా జగత్తును మాయ యనలేదు. చెట్టును రాయియు సత్యములే, విడివిడిగా స్వతంత్రములు మాత్రము కావు.

మిత్రుడు ఓల్డెన్‌బర్గ్‌నకు వ్రాసిన లేఖలో ఆయన చెప్పిన ఉపమానము ఈ భావమును సుబోధము చేయును. రక్తములో జీవించు ఒక చిన్న పురుగు ఉన్నదనుకొనవలెను. దానికి రక్తములోని ప్రతి కణమును వేర్వేరు వస్తువుగా తోచును గాని, అన్నియు ఒక్క రక్తములోని భాగములని తెలియదు. విశ్వమున మానవుని స్థితియు అట్టిదే. మరియొక లేఖలో విసరబడిన రాతిని చెప్పెను. ఆ రాతికి తెలివి కలిగినచో తన ఇచ్ఛచేతనే ఎగురుచున్నానని తలచును. తన కోరికలను ఎరిగి, వాటి కారణములను ఎరుగని మానవుడు తాను స్వతంత్రుడనని తలచుట అట్టిదే యని ఆయన వాదము.

అట్లయిన స్వాతంత్ర్యము లేదా? కలదు. కారణముల నెరుగుటయే దాని మార్గము. కోపమునకు, అసూయకు, భయమునకు లోబడినవాడు దాసుడు. ఆ ఉద్వేగము ఎచటినుండి పుట్టెనో స్పష్టముగా గ్రహించినవానిపై దాని బలము తగ్గును. ద్వేషమునకు ద్వేషము బదులిచ్చినచో అది పెరుగును, ప్రేమ బదులిచ్చినచో నశించును. స్వతంత్రుడు మరణమును గాక జీవితమును ధ్యానించును. సమస్తమును శాశ్వతమైన ఏకత్వమున చూడగలిగినపుడు కలుగు ఆనందమును ఆయన బుద్ధిపూర్వకమైన దైవప్రేమ యనెను. ఆ ప్రేమకు ప్రతిఫలము కోరరాదు, ధర్మమునకు ధర్మమే ఫలము.

ఇంతటి మేధావియందును లోపము లేకపోలేదు. కడపట వ్రాయుచు అసంపూర్ణముగా విడిచిన రాజనీతి గ్రంథమున స్త్రీలకు పాలనాధికారము తగదనెను. అన్ని దురభిప్రాయములను ప్రశ్నించిన బుద్ధి తన కాలపు ఈ దురభిప్రాయమును మాత్రము దాటలేకపోయెను.

నిర్యాణము, గ్రంథముల చరిత్ర

1675లో నీతిశాస్త్రమును అచ్చువేయింప స్పినోజా ఆమ్‌స్టర్‌డామ్‌నకు పోయెను. దేవుడు లేడని నిరూపించు పుస్తకము వచ్చుచున్నదని వదంతి పుట్టి, మతాధికారులు ఫిర్యాదులు చేసిరి. ఆయన వ్రాతప్రతిని తిరిగి బల్లలో పెట్టెను. రెండేండ్లలోపుననే ఆయువు తీరెను. ఆయన ముందే కోరిన ప్రకారము ఇంటి యజమాని ఆ వ్రాతలను ఆమ్‌స్టర్‌డామ్‌లోని పుస్తకవిక్రేత రియూవెర్ట్స్‌నకు పంపెను. మిత్రులు ఆ యేడు ముగియకముందే వాటిని ముద్రించిరి. రచయిత పేరునకు బదులు మూడు పొడి అక్షరములే వేసిరి. 1678లో ప్రభుత్వము ఆ సంపుటమును నిషేధించెను.

అటుపిమ్మట నూరేండ్లు స్పినోజా పేరు నాస్తికుడను తిట్టునకు పర్యాయమై నిలిచెను. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున లెస్సింగ్, గేటే వంటి జర్మను మహారచయితలు ఆయనను ఆదరించిరి. ఐన్‌స్టీన్ 1920లో రైన్స్‌బర్గ్ గ్రామములోని ఆ చిన్న ఇంటిని దర్శించెను. తాను నమ్మునది విశ్వనియమములందు గోచరించు స్పినోజా దైవమునే యని 1929లో ప్రకటించెను. ధనాశ లేని ఆ మహాశయుని చిత్రమును తరువాతి కాలమున హాలండు ప్రభుత్వము వేయి గిల్డరుల నోటుపై ముద్రించెను.

రైన్స్‌బర్గ్ ఇల్లు 1899నుండి స్మారకనిలయమైనది. మరణానంతరము వ్రాసిన ఆస్తిపట్టికను ఆధారము చేసికొని, ఆయన చదివిన నూటయరువది గ్రంథముల ప్రాచీనప్రతులను ఒకటొకటిగా వెదకి అచట సమకూర్చిరి. 1942లో నాజీలు ఆ గ్రంథములను దోచుకొనిపోయిరి. యుద్ధము ముగిసిన పిదప అవి మరల ఆ పల్లెకు వచ్చి తమ బీరువాలను చేరినవి.

ఇంతకంటె వింతయైన సంగతి మరియొకటి కలదు. 1677లో నీల్స్ స్టెన్సెన్ అను డెన్మార్కు పండితుడు, ఒకప్పటి స్పినోజా పరిచితుడు, నీతిశాస్త్రపు వ్రాతప్రతి నొకదానిని రోమునగరపు మతవిచారణాధికారులకు అందించెను. ఆ గ్రంథము ఎంత ప్రమాదకరమో చూపుటకు సాక్ష్యముగా దానిని ఇచ్చెను. అధికారులు దానిని భద్రపరచిరి, పిమ్మట అది వాటికన్ గ్రంథాలయమున చేరెను. 2010లో ఒక పరిశోధకుడు దానిని గుర్తించెను. మిత్రులు అచ్చుకు వాడిన ప్రతులు కాలగర్భమున కలిసిపోయినవి. నేడు లోకమున మిగిలిన నీతిశాస్త్రపు వ్రాతప్రతి నిషేధింపదలచినవారు దాచినదే.

1656నాటి బహిష్కారమును తొలగింపవలయునా యని 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పండితులు సభచేసి చర్చించిరి. ఆ సభ పిదపను అది తొలగింపబడలేదు. ఐనను అతడు వ్రాసిన దేదియు చదువరాదను ఆజ్ఞ ఏనాడో వమ్మయ్యెను. ఖండఖండాంతరములందలి గ్రంథాలయములలో ఆయన గ్రంథములు కలవు, కోరినవారెల్లరు చదువుచున్నారు. తలుపులు మూసిన సమాజమును స్పినోజా ద్వేషింపలేదు, తెరచిన రాజాస్థానమును ఆశ్రయింపలేదు. సానపట్టిన గాజులోనుండి వెలుతురును ప్రసరింపజేసినట్లే బుద్ధిద్వారమున సత్యమును చూపదలచి, ఆ పనిలోనే ఆయువును వ్యయపరచెను. ఆయన జీవితము ధన్యము.